లెక్క వేసినవాడే ముందు దాటాలి

2024 జులై 30 తెల్లవారకముందే వయనాడు కొండలు విరిగిపడ్డాయి. చూరల్‌మల నుంచి ముండక్కైకి పోయే వంతెన వరదలో కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున ఊరు మట్టి కింద ఉంది, మట్టి తీసే యంత్రాలు ఇవతలి ఒడ్డున ఆగిపోయాయి. బెంగళూరు అలసూరు చెరువు పక్కన ఉండే మద్రాస్ ఇంజనీర్ గ్రూపు, అంటే మనవాళ్లు మద్రాస్ సాపర్లు అని పిలిచే దళం, ఆగస్టు 1 సాయంత్రానికల్లా అక్కడ 190 అడుగుల ఇనుప వంతెన నిలబెట్టింది. 24 టన్నుల బరువు మోసే వంతెన అది. ఆ పనిలో ముందున్న మేజర్ సీతా షెల్కే వంతెన మీద నిలబడిన ఫొటోను దేశమంతా చూసింది. ఆ ఫొటో ధైర్యాన్ని చూపించింది. దాని వెనకున్న లెక్కను మాత్రం చూపించలేకపోయింది. సైన్యంలో ఇంజనీరు అధికారి అంటే ఎవరు, ఏం చేస్తాడు, ఆ ఉద్యోగానికి ఎలా వెళ్లాలి అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పదలచుకున్నది ఆ లెక్క గురించే. ఇంజనీర్లు లోకంలో చాలామంది ఉన్నారు. తాను వేసిన లెక్క మీద మొదట తానూ తన మనుషులూ అడుగు పెట్టాలన్న నియమం మాత్రం సైనిక ఇంజనీరుకే ఉంది. అతని చదువు, శిక్షణ, గౌరవం, ప్రమాదం అన్నీ ఆ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతాయి.

వయనాడులో కట్టినది బెయిలీ వంతెన. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఇంజనీరు డొనాల్డ్ బెయిలీ రూపం ఇచ్చినది. దాని కీలకం ఒక ఇనుప చట్రంలో ఉంది. చట్రం పొడవు 10 అడుగులు, ఎత్తు 5 అడుగులు, బరువు సుమారు 260 కిలోలు. ఆరుగురు మనుషులు భుజం పట్టి ఎత్తగలిగేలా కావాలనే అంత బరువుతో చేశారు. క్రేను లేని చోట, కొండ అంచున, చీకట్లో పని జరగాలి కదా! చట్రాన్ని చట్రానికి పిన్నులతో బిగించుకుంటూ పోవాలి. 190 అడుగులంటే ఒక్కో వరుసకు 19 చట్రాలు. బరువు ఎక్కువ మోయాలంటే వరుస పక్కన వరుస, అదీ చాలకపోతే వరుస మీద వరుస. అసలు కష్టం వంతెనను అవతలి ఒడ్డుకు చేర్చడంలో ఉంది. నదిలో దిగి కట్టే వీలు లేదు కాబట్టి ఇవతలి ఒడ్డునే రోలర్ల మీద బిగించి, మనుషులు నెట్టుకుంటూ ముందుకు పంపుతారు. ముందు భాగంలో పలకలు లేని తేలికపాటి అస్థిపంజరం లాంటి ముక్కు ఉంటుంది. గాలిలో వేలాడే కొద్దీ అది కిందికి వాలుతుంది గనుక ఆ వాలుకు సరిపడా ముందే కాస్త పైకి ఎత్తి బిగిస్తారు. నెట్టే ప్రతి అడుగుకూ ఒకే ప్రశ్న. మొత్తం బరువు మధ్యబిందువు రోలర్లకు ఇవతలే ఉందా? అది రోలర్లు దాటిన క్షణాన వంతెన ముక్కు నదిలోకి దిగుతుంది, నెడుతున్న మనుషులు దానితో పాటే పోతారు. ఈ లెక్క వేసేది అధికారి. లెక్క తప్పితే కాగితం మీద దిద్దుకునే అవకాశం అతనికి లేదు.

బయటి లోకంలో ఒక వంతెన పుట్టుక చూడండి. నక్షా గీసేవాడు ఒకడు, టెండరు దక్కించుకునేవాడు ఒకడు, సిమెంటు కలిపేవాడు ఒకడు, తనిఖీ చేసి సంతకం పెట్టేవాడు మరొకడు. ఆ వంతెన మీద బస్సులో పోయే మనిషికి వీళ్లలో ఒక్కరి ముఖం కూడా తెలియదు. కూలిన రోజున తప్పు ఎవరిదో తేల్చడానికి విచారణ సంఘం వేస్తారు, ఏళ్లు గడుస్తాయి. ఇందులో అందరూ చెడ్డవాళ్లని నేను అనను. మంచి ఇంజనీర్లు మన ప్రజాపనుల శాఖల్లో ఎందరో ఉన్నారు. కానీ ఆ ఏర్పాటులో బాధ్యత చేతులు మారుతూ మారుతూ పలచబడిపోతుంది. సైనిక ఇంజనీరు దగ్గర అది పలచబడే దారి లేదు. నది వెడల్పు కొలిచేది, ఒడ్డు మట్టి గట్టిదనం చూసేది, ఎన్ని చట్రాలు కావాలో చెప్పేది, మనుషులను నిలబెట్టి పని చేయించేది అతనే. మొదటి బండి దాటేటప్పుడు పక్కన నిలబడేదీ అతనే. ఇన్ని పాత్రలు ఒక్క మనిషిలో కలిసినప్పుడు పుట్టే జాగ్రత్త వేరు. పాఠ్యపుస్తకంలో అది దొరకదు.

యుద్ధంలో ఇంజనీరు అధికారి పనిని మూడు మాటల్లో పెట్టవచ్చు. మనవాళ్లకు దారి తెరవడం, శత్రువుకు దారి మూయడం, మనవాళ్లు తలదాచుకునే చోటు కట్టడం. దారి తెరవడమంటే నదుల మీద వంతెనలు వేయడం, మందుపాతరలు ఏరడం, రోడ్డుకు అడ్డం పడ్డ బండలు పేల్చడం. దారి మూయడమంటే వంతెనలు కూల్చడం, పాతరలు పరచడం, కందకాలు తవ్వడం. సాపర్ అన్న మాటే కోటగోడల దాకా కందకం తవ్వుకుంటూ పోయే మనిషిని బట్టి వచ్చింది. శాంతికాలంలో పని ఇంకా విస్తారం. సైన్యానికీ నౌకాదళానికీ వాయుసేనకూ ఇళ్లు, ఆసుపత్రులు, రన్‌వేలు, మంచినీరు, కరెంటు చూసే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో ఈ అధికారులు పనిచేస్తారు. 1960 మే 7న మొదలైన సరిహద్దు రోడ్ల సంస్థలో, హిమాలయాల్లో కొండ చెక్కి రోడ్డు వేసే పనుల్లో ఉంటారు. 2020 అక్టోబరులో తెరుచుకున్న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ సంస్థ చేయించిన పనే. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు వీళ్లకూ పిలుపు వస్తుంది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు గజిబిజి పడే సంగతి ఒకటి విడమరచాలి. బీటెక్ చదివి సైన్యంలో అధికారిగా చేరితే అందరూ వంతెనలే కట్టరు. సాంకేతిక చదువులున్నవాళ్లు వెళ్లే విభాగాలు ప్రధానంగా మూడు. కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వంతెనలు, రోడ్లు, పాతరలు చూస్తుంది. సిగ్నల్స్ సమాచార వ్యవస్థ చూస్తుంది. ట్యాంకులు, తుపాకులు, రాడార్లు బాగుచేసేది ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ విభాగం. ఈ మూడోదాని పెద్ద కళాశాల మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది. మొదటిదానికి గురుపీఠం పుణె పక్కన దాపోడీలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్. కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో మళ్లీ మూడు గ్రూపులు. బెంగాల్ సాపర్లు రూర్కీలో, బొంబాయి సాపర్లు పుణె కిర్కీలో, మద్రాస్ సాపర్లు బెంగళూరులో. మూడింటిలోకీ పాతది మనదే. 1780 సెప్టెంబరు 30న మద్రాసులో రెండు పయనీర్ కంపెనీలుగా మొదలైంది.

తెలుగు పాఠకుడికి సైనిక ఇంజనీరు కొత్త మనిషేమీ కాడు. పేరు తెలుసు, అతను సైనికుడన్న సంగతే మరిచిపోయాం. కాలిన్ మెకంజీని తీసుకోండి. గ్రామాల కైఫీయత్తులు, శాసనాలు, తాళపత్రాలు పోగుచేసిన దొరగా మన చరిత్రకారులకు ఆయన బాగా తెలుసు. ఆయన మద్రాస్ ఇంజనీర్స్ అధికారి. 1783లో మద్రాసు చేరాడు, మైసూరు యుద్ధాల్లో పనిచేశాడు, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక మైసూరు సీమ మొత్తం కొలిచే పని ఆయనకు అప్పగించారు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలత అంటే గొలుసు పట్టుకుని నేల మీద నడవడం ఒక్కటే కాదని ఆయన గ్రహించాడు. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఏడు తెగింది, ఏ పొలం ఎవరి మాన్యం అన్నది ఊరివాళ్లను అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి ఆయనకు భాష రాదు. ఆ పని చేసినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్లు లేకపోతే మెకంజీ సేకరణే లేదు. స్థానికుడి భాష తెలిసినవాడే నేలను సరిగ్గా చదవగలడన్న ఈ పాఠం దగ్గరకు మళ్లీ వస్తాను. తమిళనాడు సరిహద్దులోని వేప్పనపల్లికి దానితో పని ఉంది.

ఆర్థర్ కాటన్ సంగతి గోదావరి జిల్లాల్లో చెప్పనక్కర్లేదు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. కాటన్ కూడా మద్రాస్ ఇంజనీర్స్ అధికారే. 1803లో పుట్టి, 16 ఏళ్లకే కమిషన్ పొంది, 1821లో ఇండియా వచ్చి, మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. ఆ తర్వాత కావేరి మీద ఆనకట్టలు కట్టాడు. 1832-33 నాటి డొక్కల కరువు తెలుగు జిల్లాలను తుడిచిపెట్టాక గోదావరిని కట్టవచ్చని వాదించి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కు పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా సాగిన ఆనకట్ట అది. కింద రాతినేల లేదు, అంతా ఇసుక. ఇసుక మీద ఆనకట్ట నిలుస్తుందని ఆయనకు నేర్పింది చోళుల నాటి కల్లణై. పెద్ద బండలు వేస్తే అవి ఇసుకలో దిగి, ఇక దిగలేని చోట ఆగి, తామే పునాది అవుతాయన్న కిటుకు ఆ పాత తమిళ కట్టడంలో ఆయన చూశాడు. ఆయన దగ్గర పనిచేసిన కెప్టెన్ చార్లెస్ ఓర్ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టించాడు. 1855లో అది పూర్తయింది. తూటాల మధ్య తొందరగా, ఉన్న సామానుతో, ఉన్న మనుషులతో పని సాగించే అలవాటు లేని ఇంజనీరు ఆ రోజుల్లో గోదావరిని అయిదేళ్లలో కట్టగలిగేవాడని నేను అనుకోను.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వీళ్లంతా కంపెనీ నౌకర్లు కదా, మెకంజీ కొలిచింది శిస్తు కోసం, కాటన్‌కు డబ్బిచ్చింది కూడా శిస్తు పెరుగుతుందన్న ఆశతోనే, వాళ్లను ఆదర్శంగా ఎందుకు నిలబెట్టాలి అని అడగవచ్చు. కంపెనీ లెక్క శిస్తు లెక్కే. అందులో సందేహం లేదు. పటాలు గీయించుకున్నది ఏలుబడి కోసమే. అయితే మనం ఇక్కడ బేరీజు వేస్తున్నది ఏలికల నీతిని కాదు, వృత్తి స్వభావాన్ని. ఆ వృత్తి పరాయి ఏలికల చేతిలో ఉన్నప్పుడే అంత నీరు పారించగలిగితే, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు దాని విలువ పెరగాలి. ఇంకో మాట. ఆ పనుల్లో నేల తెలివి మనవాళ్లది. కల్లణై మనది, కైఫీయత్తులు రాసిన చేయి మనది, బండలు మోసిన భుజాలు మనవి. అప్పుడు అధికారి కుర్చీ ఒక్కటే మనది కాదు. ఇప్పుడు అదీ మనదే, కూర్చునేవాళ్లు రావాలి.

యుద్ధభూమిలో ఈ నియమం ఎలా ఉంటుందో చూపే ఘట్టాలు ఎన్నో ఉన్నాయి. 1941లో అబిసీనియాలో సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్ నాలుగు రోజుల పాటు 55 మైళ్ల దారిలో 15 పాతర క్షేత్రాలు ఏరాడు. ఆయన ఎక్కిన బండ్లు రెండుసార్లు పేలాయి, చెవి కర్ణభేరి చిరిగింది, అయినా దిగిపోలేదు. విక్టోరియా క్రాస్ వచ్చింది. దానికన్నా నాకు దగ్గరగా కనిపించేది 1948 ఏప్రిల్ నాటి ఘట్టం. మన కార్వార్ పక్కన చెండియా ఊళ్లో పుట్టిన రామ రాఘోబా రాణే అప్పుడు బొంబాయి సాపర్లలో సెకండ్ లెఫ్టినెంట్. నౌషేరా నుంచి రాజౌరీకి ట్యాంకులు పోవాలి. రోడ్డంతా పాతరలు, పడగొట్టిన పైన్ చెట్లు, పైనుంచి తూటాలు. రాణే ట్యాంకు కింద దూరాడు. ట్యాంకు ఎంత మెల్లగా కదిలితే అంత మెల్లగా తానూ కింద పాకుతూ, లోపలి డ్రైవరుకు కట్టిన రెండు తాళ్లను లాగి ఆగు, కదులు అని సైగ చేస్తూ, పాతరలు తప్పించుకుంటూ ట్యాంకును అవతలికి చేర్చాడు. ఏప్రిల్ 8 నుంచి 11 దాకా ఆ దారి తెరిచిన పనికి పరమవీర చక్రం వచ్చింది. ఆ రెండు తాళ్లను తలచుకోండి. తల పైన టన్నుల కొద్దీ ఇనుము, ముందు మట్టిలో మందు, చేతిలో తాడు. ఇంజనీరు అధికారి ఉద్యోగాన్ని దీనికన్నా దగ్గరగా చూపించే చిత్రం నాకు తెలియదు. 1971 డిసెంబరులో బసంతర్ నది దగ్గర కూడా సాపర్లు పాతరల మధ్య దారి చేస్తుండగా, పని సగంలో ఉండగానే ట్యాంకులు ఆ సందులోంచి దూసుకుపోయాయి. ఆ ట్యాంకులతో పోరాడిన అరుణ్ ఖేతర్‌పాల్ పేరు మనకు గుర్తుంది, ఆ సందు చేసినవాళ్ల పేర్లు గుర్తులేవు.

బెంగళూరుకు ఈ చరిత్రలో మరో చోటు ఉంది. 1912లో మద్రాస్ సాపర్లలో పనిచేసే కెప్టెన్ మెక్‌క్లింటాక్, ముళ్లకంచెల కిందికి దూరం నుంచే తోసి పేల్చే మందు నింపిన గొట్టం ఒకటి తయారుచేశాడు. మనిషి కంచె దగ్గరికి పోనక్కర్లేకుండా గొట్టానికి గొట్టం తగిలించి నెట్టడమే. దాన్ని ప్రపంచమంతా బెంగళూరు టార్పెడో అంటుంది. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగిన సైన్యాలు దానితోనే కంచెలు పేల్చాయి. తన మనుషులు కంచె దగ్గర చావకూడదన్న ఆలోచనే ఆ గొట్టాన్ని పుట్టించింది.

ఇక వేప్పనపల్లి సంగతి. కృష్ణగిరి జిల్లాలో, ఒకవైపు కుప్పం, మరోవైపు కోలారు సీమ ఆనుకుని ఉన్న ఈ పట్టు మూడు రాష్ట్రాల ముడి. కర్ణాటకలో పుట్టి ఇటుగా వచ్చి దక్షిణ పెన్నలో కలిసే మార్కండేయ నది ఇక్కడి నీటి ఆశ. మామిడి, రాగులు, ఏనుగుల భయం, హోసూరు కంపెనీల బస్సులు, ఇదీ ఇక్కడి బతుకు. ఈ ప్రాంతపు పిల్లలు ఇంజనీరింగ్ బాగానే చదువుతున్నారు. చదివాక కళ్ల ముందు కనిపించే దారులు రెండే. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి ఫ్యాక్టరీలు, లేదా బెంగళూరులో సాఫ్ట్‌వేరు. సైన్యం అంటే జవానుగా చేరడమే అనుకుంటారు. అది గౌరవమైన దారే. కానీ అదే సైన్యంలో డిగ్రీతో నేరుగా అధికారిగా అడుగుపెట్టే తలుపు ఉందని చెప్పేవాళ్లు తక్కువ. పైగా ఈ పిల్లల దగ్గర ఉన్న ఒక ఆస్తి వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయినప్పటి నుంచి ఇంటి భాష బడికి దూరమైన బాధ ఇక్కడి తెలుగువాళ్లది. ఆ బాధ నిజమే, ఇంట్లో తెలుగు రాయడం, చదవడం నేర్పుకోవాల్సిందే. కానీ ఆ మూడు భాషలూ మద్రాస్ సాపర్లలో జవాన్లు మాట్లాడే భాషలు. ఆ గ్రూపులో తంబి అని ముద్దుగా పిలిచే జవాన్లు తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల నుంచే వస్తారు. అధికారి తన జవాన్ల భాష నేర్చుకోవాలన్నది మన సైన్యంలో పాత ఆనవాయితీ. చీకట్లో వంతెన నెట్టేటప్పుడు ఆగు అన్న మాట అందరికీ ఒక్కసారే అర్థం కావాలి. పంజాబు నుంచో బీహారు నుంచో వచ్చిన కుర్ర లెఫ్టినెంటు కష్టపడి నేర్చుకునేది వేప్పనపల్లి పిల్లకు పుట్టుకతో వచ్చింది. కావలి సోదరులు మెకంజీకి అరువిచ్చిన బలం ఈ పిల్లలకు సొంతం.

దారులు ఇవి. ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికం, రసాయనం చదివినవాళ్లకు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), టెక్నికల్ ఎంట్రీ స్కీము ఉన్నాయి. రెండోదానికి జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. బీఈ, బీటెక్ చివరి ఏట ఉన్నవాళ్లు, పూర్తిచేసినవాళ్లు టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సుకు దరఖాస్తు పెట్టవచ్చు. 20 నుంచి 27 ఏళ్ల వయసు, పెళ్లి కాని మగవాళ్లు. దీనికి రాత పరీక్ష లేదు, మార్కులను బట్టి ఏరి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు పిలుస్తారు. షార్ట్ సర్వీస్ కమిషన్ టెక్నికల్ దారిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ అవకాశం ఉంది. పదేళ్ల సర్వీసు, ఇష్టమైతే మరో నాలుగేళ్లు. స్త్రీలకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎస్‌ఎస్‌బీ అయిదు రోజుల పరీక్ష. అందులో ఒక చెక్క పలక, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి, నేల తాకకుండా ఇంతమంది ఇంత దూరం దాటండి అంటారు. ఇచ్చిన సామాను చూస్తే ఎప్పుడూ కాస్త తక్కువే అనిపిస్తుంది. ఆ చిన్న మైదానంలో చూసేది కండబలం కన్నా ఎక్కువగా ఒక సంగతిని. ఉన్నదానితో సర్దుకుని, పక్కవాణ్ని వదలకుండా దాటగలడా అని. ఎంపికయ్యాక సైనిక అకాడమీలో శిక్షణ, ఆ తర్వాత పుణెలో ఇంజనీరింగ్ శిక్షణ. ఏడవ వేతన సంఘం లెక్కన లెఫ్టినెంటు మూలవేతనం 56,100 రూపాయలు, దానిపైన సైనిక సేవా వేతనం 15,500. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. ఆ పైన ఎంపికను బట్టి. మధ్యలో ఐఐటీల్లో ఎంటెక్ చదవడానికి సైన్యమే పంపుతుంది.

మొదటి ఏళ్లలో ఆ కుర్ర అధికారి ఎదుర్కొనే పెద్ద పరీక్ష అతని కింద పనిచేసే సుబేదారు. ఇరవై అయిదేళ్లుగా వంతెనలు నెట్టిన మనిషి ఆయన. అధికారి ఆయన్ని సాబ్ అని పిలుస్తాడు, ఆయన అధికారిని సర్ అని పిలుస్తాడు. హోదా ఒకరిది, అనుభవం ఒకరిది. నెల నెలా ఆయన దగ్గర నేర్చుకుంటూనే, నిర్ణయం మాత్రం తన పేరు మీద తీసుకోవాలి. కాలేజీలో ఈ పాఠం చెప్పేవాళ్లు లేరు. కంపెనీల్లో మేనేజర్లుగా చేరే మన పిల్లలు ఎదురుదెబ్బలు తిని నేర్చుకునేది ఇదే.

అభ్యంతరాలు ఇంకా ఉన్నాయి. సాఫ్ట్‌వేరులో దీనికి రెండింతలు సంపాదించవచ్చు కదా అంటారు. కొందరికి నిజమే. ఇల్లు, చదువు, వైద్యం సైన్యం చూసుకుంటుంది అన్న జవాబు సగమే. డబ్బే మొదటి కొలత అనుకునేవాళ్లు ఈ దారికి రాకపోవడమే మంచిదని నా ఉద్దేశం. ప్రాణభయం అంటారు. దాన్ని కాదనడానికి లేదు. పైన చెప్పిన రాణే కథ చదివాక అది ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రులు ఆ భయాన్ని పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంజనీరు విభాగంలో చేరితే పై పదవులకు పోలేరన్న పాత మాట ఒకటి ఉండేది. 2022 ఏప్రిల్ 30న బొంబాయి సాపర్లకు చెందిన జనరల్ మనోజ్ పాండే సైన్యాధిపతి అయ్యారు. ఇంజనీరు అధికారికి ఆ కుర్చీ దక్కడం అదే మొదలు. ఆ మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. సాపర్లు అంత బాగా కడితే పౌర పనులు కూడా వాళ్లకే ఇస్తే పోలేదా అని కొందరు, సైన్యాన్ని కూలీ పనికి వాడుకోవడం తగదు అని మరికొందరు. 2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను మెట్ల మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. కాలివంతెన కట్టమని బొంబాయి సాపర్లను పిలిచారు, 2018 ఫిబ్రవరికల్లా కట్టారు. ప్రయాణికులు సంతోషించారు. కానీ నేను రెండో వర్గం పక్షమే. కొండ కూలిన రోజున సైన్యాన్ని పిలవడం ధర్మం. రైల్వే స్టేషనులో కాలివంతెన కోసం పిలవడం పౌర శాఖలు చేతులెత్తేసినట్టు ఒప్పుకోవడం. పైగా బెయిలీ వంతెన తాత్కాలికం. దాన్ని శాశ్వతం అనుకుని దశాబ్దాలు వదిలేయడం ప్రమాదం. సైనిక ఇంజనీరు నుంచి పౌర శాఖలు తీసుకోవలసింది అతని చెమటను కాదు, అతని నియమాన్ని. కొత్త వంతెన తెరిచిన రోజున దాని లెక్క మీద సంతకం పెట్టిన ఇంజనీరు పేరు వంతెన స్తంభం మీద రాసి ఉంచితే చాలు, మన రోడ్ల తీరు మారుతుందని నా నమ్మకం. ఆ మార్పుకు సైన్యంలో పదేళ్లు పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లు ఎంతో ఉపయోగపడతారు.

వేప్పనపల్లి, హోసూరు, సూళగిరి చుట్టుపక్కల ఇంజనీరింగ్ చివరి ఏట ఉన్న పిల్లలు ఉంటే, వాళ్ల లెక్చరర్లు, తల్లిదండ్రులు ఈ మాట వాళ్ల చెవిన వేయండి. టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, షార్ట్ సర్వీస్ టెక్నికల్ ప్రకటనలు భారత సైన్యం నియామకాల వెబ్‌సైటులో ఏడాదికి రెండు విడతలుగా వస్తాయి. దరఖాస్తుకు రుసుము లేదు. ఎస్‌ఎస్‌బీ జరిపే దక్షిణ ఎంపిక కేంద్రం బెంగళూరులోనే ఉంది, మద్రాస్ సాపర్ల ఇల్లూ ఆ ఊరే. హోసూరు నుంచి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు.